ఖాళీ గోరీకి సున్నం

నారాయణఖేడ్‌లో ఎద్దులకు నాడాలు కొట్టే అహరోనుకు రెండు ఇళ్లుండేవి. ఒకటి అంగడి వెనక రేకుల ఇల్లు, అందులో భార్య రిబ్కమ్మతో కాపురం. రెండోది ఊరి బయట క్రైస్తవుల శ్మశానంలో గోరీ. ఆ గోరీ రాయి మీద అహరోను పేరు చెక్కి ఉంది, పేరు కింద చచ్చిపోయిన సంవత్సరం 1944 అని కూడా ఉంది. మనిషి మాత్రం 1985 వచ్చినా నిక్షేపంగా ఉన్నాడు. పొద్దున్నే జొన్నరొట్టె తిని, ఎద్దును పడగొట్టి నాలుగు కాళ్లు కట్టి, నోట్లో మేకులు పెట్టుకుని టకటకా నాడాలు దిగ్గొట్టేవాడు. నమ్మకపోతే మీ ఇష్టం, నేను చెప్పేది చెబుతాను.

ఏటా ఈస్టరు ముందటి శనివారం అక్కడివాళ్లు తమ తమ గోరీలకు సున్నం వేసుకుంటారు. అహరోను కూడా బకెట్టు, కుంచె పట్టుకుని వెళ్లి ముందు తన గోరీకి, తర్వాత పక్కనే ఉన్న తల్లి భీమమ్మ గోరీకి సున్నం పూసేవాడు. పని అయ్యాక తన గోరీ మీదే కూర్చుని సద్ది మూట విప్పేవాడు. దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఏందే అహరోనూ, కొత్తింటికి సున్నం ఏస్తున్నవా?" అనేవాళ్లు.

"అవ్. కిరాయి లేదు, వానకు కురిసేది లేదు. మీకున్నదా గిసొంటి ఇల్లు?" అనేవాడు రొట్టె నములుతూ.

పరాచికాలు ఎలా ఉన్నా ఆ గోరీ అంటే అతనికి ప్రాణం. శ్మశానం ఎప్పుడో నిండిపోయింది. కొత్తగా పోయినవాళ్లను అవతలి మూలన వాగు ఒడ్డున పెడుతున్నారు. ముందే జాగా పట్టుకుంటానంటే కుదరదని సంఘ పెద్దలు తీర్మానం కూడా చేశారు. కానీ అహరోను జాగా ఎప్పుడో కట్టేసి ఉంది కదా, దాని జోలికి ఎవరూ రాలేరు. చచ్చాక తల్లి పక్కన పడుకోవాలి. జీవితంలో అతనికి మిగిలిన కోరిక అదొక్కటే. ఆ కోరికకు కారణం ఉంది, అది చెప్పాలంటే లడాయి సంగతి చెప్పాలి.

లడాయి అంటే రెండో ప్రపంచ యుద్ధం. ఎద్దును పట్టుకుని తమ వంతు కోసం కూర్చున్న రైతులకు పొద్దు పోవాలి కాబట్టి ఎవరో ఒకరు ఆ లడాయి ముచ్చట కదిలించేవాళ్లు.

"గా లడాయి ఎందుకొచ్చిందే అసలు?"

"ఎందుకొస్తది? అంతకు ముంగట ఒక పెద్ద లడాయి అయింది. ఓడిపోయినోని కుత్తుక మీద కాలు వెట్టి తొక్కిర్రు గెలిచినోళ్లు. దండుగ కట్టుమన్నరు. ఆ దేశపోళ్లకు తిననీకి లేదు, చెయ్యనీకి పని లేదు. గప్పుడొకడు లేసి, మీ ఆకలికి గీళ్లే కారణమని పక్కింటోళ్ల దిక్కు ఏలు జూపెట్టిండు. పక్కింటోళ్లను సంపుకుంట సంపుకుంట పక్క దేశాల మీద వడ్డడు."

"మరి జపానోడు?"

"ఆడు గీ దిక్కు. ఆనికి నూనె గావాలె, రబ్బరు గావాలె, బియ్యం గావాలె. చీనా మీద వడ్డడు, బర్మా మీద వడ్డడు, మన గడప దాంక వచ్చిండు."

"సరే, నడిమిట్ల నీకేం పంచాయతి?"

"నాకా?" అని అహరోను నోట్లో మేకులు తీసి పట్టుకునేవాడు. "నాకు రొట్టె గావాలె. గంతే."

అది నిజం. అప్పట్లో వరసగా వానలు లేవు. దొర గడీలో వెట్టి చేసి ఇంటికొస్తే పొయ్యిలో పిల్లి లేవని రోజులు. పటాలంలో చేరితే రెండు పూటలా తిండి పెడతారని ఎవరో చెప్పారు. పెళ్లై ఏడాది కూడా కాని రిబ్కమ్మను తల్లికి అప్పగించి, సికింద్రాబాదుకు పోయి చేరాడు. వరసలో అతని వెనక నిలబడ్డవాడు మనూరు కురుమల పిల్లగాడు సంగప్ప, గొర్ల కాపరి. అతనికీ కొత్తగా పెళ్లైంది. భార్య పేరు శంకరమ్మ. ఇద్దరికీ పశువుల సంగతి తెలుసని కంచరగాడిదల కంపెనీలో వేశారు. అహరోను నాడాలు కొట్టడం నేర్చుకున్నది అక్కడే.

బర్మా సరిహద్దు కొండల్లో జపాను సైన్యం మనవాళ్లను చుట్టుముట్టింది. దారులన్నీ మూసుకుపోయాయి. కొండల మీద ఉన్న సిపాయిలకు గుండ్లు, బియ్యం, మందులు గాడిదల మీదే పోవాలి. పైన విమానాలు, కింద జలగలు, నడుమ వాన. జపానువాళ్లు కూడా ఆకలికి చచ్చారనీ, చచ్చినవాళ్ల సంచుల్లో గడ్డి దొరికిందనీ అహరోను చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వేవాడు కాదు. సంగప్ప ముచ్చట వస్తే మాత్రం ముఖం విప్పారేది. దుప్పట్లు తడిసి కుళ్లిపోయి ఇద్దరికీ ఒక్కటే మిగిలింది. రాత్రంతా సంగప్ప నిద్రలో దాన్ని మొత్తం తన మీదికి గుంజుకునేవాడట.

"ఎన్ని తిట్లు తిట్టినా సిగ్గు లేకపాయె! పొద్దుగాల లేసి, నువ్వే వదిలిపెట్టినవ్ అంటుండె దొంగ నా కొడుకు!" అని నలభై ఏళ్ల తర్వాత కూడా తిట్టేవాడు.

ఆ వానల్లోనే ఒక కొండవాగు దాటుతుంటే సంగప్ప గాడిద జారింది. పగ్గం వదిలేసి ఉంటే బతికేవాడు. గొర్లను సాకిన చెయ్యి కదా, వదల్లేదు. అహరోను కళ్లముందే నీళ్లు మనిషినీ గాడిదనూ తిప్పి పట్టుకుపోయాయి. అహరోను వాగు ఒడ్డు పట్టుకుని పేరు పెట్టి అరుచుకుంటూ కిందికి పోయాడు. గాడిద కళేబరం దొరికింది గానీ మనిషి దొరకలేదు. వెనక్కి వచ్చే దారి తప్పి, జ్వరం వచ్చి పడిపోతే కొండజాతి వాళ్లు మోసుకుపోయి గుడిసెలో పెట్టుకుని బతికించారు. మళ్లీ కంపెనీని చేరేసరికి వానలు వెళ్లి చలి వచ్చింది.

ఈలోగా ఇద్దరి ఇళ్లకూ తార్లు, అంటే టెలిగ్రాములు, వచ్చాయి, మనిషి కనిపించడం లేదని. మిషను పాస్టరు చదివి చెప్పి, కొన్నాళ్లు చూద్దామన్నాడు. భీమమ్మ వినలేదు.

"మొగోళ్లకేంది, సూద్దామంటరు. నాకు ఏడ్వనీకి ఒక జాగ గావాలె" అంది.

శవం లేకపోతే బట్టలు పెట్టి మట్టి చేద్దామన్నారు. చెక్కపెట్టెలో అహరోను పెళ్లి అంగీ, అతనికి ఎంతో ఇష్టమైన ఇత్తడి కట్టు చెర్నాకోల పెట్టి, పాటలు పాడి, పూడ్చి గోరీ కట్టారు. తవ్విన గుంత ఖాళీగా ఉంటే ఇంట్లో ఇంకొకరిని అడుగుతుందని ఆ దిక్కున నమ్మకం. బట్టలు పెట్టినా ఖాళీ ఖాళీయే అని ముసలమ్మలు గుసగుసలాడారు. మరుసటి ఏడు చలిజ్వరంతో భీమమ్మ పోయింది. "నా కొడుకు పక్కన వెట్టుర్రి" అన్నది ఆమె ఆఖరి మాట.

అక్కడ జపాను మీద రెండు బాంబులు పడి రెండు పట్నాలు బూడిదయ్యాయి. లడాయి ఆగిపోయింది. అహరోను రాయించిన జాబు ఏ దారిలో పోయిందో పోయింది. 1946లో ఒక పొద్దున నిక్కరు, బూట్లతో, భుజాన సంచితో ఊళ్లోకి వస్తూ శ్మశానం పక్కన ఆగాడు. కొత్త గోరీ ఎవరిదా అని చూశాడు. మిషను బడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని చదివితే తన పేరే. పకపకా నవ్వాడు. నవ్వుతూనే పక్క గోరీ రాయి చదివాడు. అది భీమమ్మ పేరు. తన తల్లి తన కోసం వచ్చి, తను లేని గోరీ పక్కన పడుకుని ఉంది. ఆ మట్టి మీద పడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంటికి పోతే రిబ్కమ్మ దయ్యమనుకుని చీపురు విసిరింది. తర్వాత రెండు చేతులా గుద్దింది. అలసిపోయాక, "ఆకలైతుందా?" అని అడిగింది. తిని లేచాక అహరోను తన పెళ్లి అంగీ, చెర్నాకోల ఎక్కడని అడిగాడు. రెండూ గోరీలో ఉన్నాయి. ఒక్కగానొక్క మంచి అంగీ మట్టి పాలైంది కాబట్టి ఆ ఆదివారం గుడికి సర్కారు బట్టలతోనే పోవాల్సి వచ్చింది. పటాలం వాళ్లిచ్చిన పతకం బిళ్లను మాత్రం తన ఎద్దు మెడకు కట్టాడు. అది ఆ బిళ్లతో అంగడంతా తల ఎత్తుకుని తిరిగింది.

దేశానికి స్వతంత్రం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, నారాయణఖేడ్ ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి మారింది, బస్సులు వచ్చాయి. అహరోను కడుపులో చల్ల కదలకుండా బతికాడు. "రొట్టె కోసం పోయిన, రొట్టె దొరికింది, ఇంకేం గావాలె?" అనేవాడు. తల్లి విషయం ఒక్కటే ముల్లులా ఉండేది. అవ్వ మోసపోయింది, నేను పోయి పక్కన పడుకుంటే గానీ ఆ మోసం తీరదు అనుకునేవాడు.

ఇక శంకరమ్మ. అహరోను తిరిగొచ్చిన వారంలోనే మనూరు పోయి ఆమెకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అంతా విని ఒకటే ప్రశ్న వేసింది.

"శవం జూసినవా అన్నా?"

"లే చెల్లె. గాడిదనే దొరికింది."

"నీ శవం గూడ ఎవ్వలు జూడలే. గోరీ గూడ కట్టిర్రు. నువ్వు రాలేదా? గట్లనే ఆయన గూడ వస్తడు."

ఏం చెబుతాడు? చచ్చినవాడు లేచొచ్చి ఎదురుగా నిలబడి, ఇంకొకడు చచ్చాడంటే ఎవరు నమ్ముతారు! ఆమె గాజులు తియ్యలేదు, మెట్టెలు తియ్యలేదు. అత్తవారి ఇంట్లోనే ఉండి గొర్లు కాసుకుంది. సంగప్ప కప్పుకునే ఉన్ని గొంగడిని ఏటా వానలు వెనకబట్టాక ఎండలో వేసి, వేపాకు పెట్టి చుట్టి దాచింది. అంగడికి వచ్చినప్పుడల్లా నాడాలు కొట్టే చోటికొచ్చి, "ఏమన్న ఎరుకైందా అన్నా?" అనేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. చేతులారా మట్టి చేశానని ఒక అబద్ధం చెప్పెయ్యరాదా అని రిబ్కమ్మ పోరింది. అహరోను నోట అది రాలేదు.

1985లో, ఈస్టరుకు ఇంకా కొన్నాళ్లుందనగా, శంకరమ్మ వచ్చింది. ఈసారి ఎప్పటి ప్రశ్న అడగలేదు. దగ్గుకుంటూ వచ్చి నాడాల పెట్టె పక్కన కూలబడింది.

"పానం మంచిగుంట లేదన్నా. ఇగ ఎదురు జూసుడు నాతోని గాదు. ఆయనకు మట్టి జేసి, ఏడ్చి, ఊకుందామనుకుంటున్న."

"మంచిది చెల్లె. చెయ్యి."

"యాడ జెయ్యాలె? మా కులపోళ్లు గుంత తవ్వనిస్తలేరు. శవం లేని గుంత ఇంకొకల్ని అడుగుతదంట. పిల్లలున్న ఇల్లు, ఆళ్ల భయం ఆళ్లది." శంకరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ గోరీ ఖాళీగనే ఉన్నది గద అన్నా. దాని ఆకలి ఎప్పుడో తీరింది, మీ అవ్వను దిన్నది. గది మా ఆయనకియ్యి."

అహరోను చేతిలో సుత్తి ఆగిపోయింది. గోరీ అడిగినవాళ్లు ఈ లోకంలో ఉంటారా?

"నీకేమన్న పిచ్చి లేసిందా? గది మా అవ్వ పక్క జాగ! నేను యాడికి వోవాలె, వాగులకా?" అని కసిరాడు. కట్టేసిన ఎద్దు ఉలిక్కిపడింది. శంకరమ్మ లేచి బస్సు దిక్కు నడిచింది.

ఆ వారమంతా అహరోనుకు ముక్కు మీదే కోపం. కూరలో ఉప్పెక్కువన్నాడు, మేకులు వంకరన్నాడు. చివరికి రిబ్కమ్మకు తిక్క రేగింది. రొట్టె చేస్తున్నదల్లా చేతులు దులుపుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"గా గోరీ నీదని ఎవ్వడు జెప్పిండు నీకు?"

"నా పేరున్నది దాని మీద!"

"పేరుంటె? గది నాది. నేను గాడ కూసోని ఏడ్చిన. మీ అవ్వ ఏడ్చింది. ఏడ్చి ఇంటికొచ్చి ఇంత రొట్టె తిన్నం. గా గోరీ లేకపోతే మా నోట్లకు ముద్ద వోకపోవు. నువ్వొచ్చినంక దానితోని నీకేం పని వడ్డది? సున్నమేసి, దాని మీద కూసోని సద్ది దిన్నవ్, గంతే. శంకరమ్మకు ఏడ్చే జాగ ఇయ్యాళ్టి దాంక దొరకలే."

అహరోను గొంతు తగ్గింది. "మరి అవ్వ? పక్కన ఎవ్వలు లేకుంట..."

"ఇన్నేండ్లు ఎవ్వలున్నరు పక్కన? నీ అంగీ, నీ చెర్నాకోల. దాంతోనే సర్దుకున్నది. ఇప్పుడు గొర్లకాపరి గొంగడొస్తె ఎల్లగొడ్తదా మీ అవ్వ?"

భీమమ్మ ఎవరినీ వెళ్లగొట్టే మనిషి కాదు. ఇంట్లో ఒక్క రొట్టె ఉన్నా తుంచి పెట్టేది. ఆ సంగతి గుర్తొచ్చి అహరోను కళ్లు తుడుచుకున్నాడు. అవతలి మూలన వాగు ఒడ్డున తన గోరీ ఎలా ఉంటుందో తలుచుకుంటే మనసొప్పలేదు. అయినా మరునాడు మనూరు బస్సెక్కే మనిషితో శంకరమ్మకు కబురంపాడు.

సంఘ పెద్ద కాలేబు అడ్డం పడ్డాడు. "మన మతం గానోన్ని మన శ్మశానంల ఎట్ల వెడ్తరు?" అని నిలదీశాడు.

"లోపల వెట్టేది మనిషిని గాదు, గొంగడిని. గొంగడికి మతముంటదా?" అన్నాడు అహరోను. "ఉంటె, నీ భుజం మీదున్నది ఏ మతమో జెప్పు కాలేబూ. కురుమోళ్లు నేసిందే గద!"

కాలేబు తన భుజం మీది గొంగడి చూసుకున్నాడు. నవ్వాపుకోలేకపోయాడు. "సరే తియ్. ప్రార్థన మాత్రం నేను జేస్త."

"చెయ్యి. జర పొట్టిగ చెయ్యి."

ఈస్టరు ముందటి శనివారమే పెట్టుకున్నారు. శంకరమ్మ గొంగడి చుట్టను చంకలో పెట్టుకుని మొదటి బస్సుకే దిగింది. అహరోను, కాలేబు గడ్డపార వేసి గోరీ మీది బండ జరిపారు, లోపలి మట్టి తోడారు. పెట్టె మట్టైపోయింది. అంగీ ఆనవాలే లేదు. చెర్నాకోల ఇత్తడి కట్టు మాత్రం దొరికింది. అహరోను దాన్ని పంచెతో రుద్ది ముచ్చటగా చూసుకుని జేబులో వేసుకోబోయాడు.

"లోపలనే ఉండనియ్యి. అవ్వకు నీ గుర్తు ఒక్కటన్న ఉండాలె" అంది రిబ్కమ్మ. అతను దాన్ని తల్లి గోరీ వైపు మట్టిలో తిరిగి పెట్టాడు.

అప్పుడు శంకరమ్మ గుంతలోకి వంగి ఏడ్చింది. పెళ్లైన కొత్తలో పోయినవాడి కోసం, ముసలిదయ్యాక, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. రిబ్కమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది. ఆ ఏడుపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కాలేబు పొట్టిగానే ప్రార్థన చేశాడు. తర్వాత శంకరమ్మ నెమ్మదించి, ముక్కు చీదుకుని, అహరోను చెయ్యి ఆసరాగా పట్టుకుని గుంతలోకి దిగింది.

గొంగడిని చుట్టగానే పెడుతుందనుకున్నారందరూ. ఆమె విప్పి పరిచింది. మొత్తం పరవలేదు. భీమమ్మ గోరీకి దూరంగా ఉన్న వైపు సగం పరిచి, భీమమ్మ గోరీ పక్కనున్న సగాన్ని నీటుగా మడిచి పెట్టింది. ఆ మడత పెట్టిన చోట జాగా ఖాళీగానే ఉంచింది.

"గదేంది చెల్లె, సగమే పరిచినవ్?" అన్నాడు అహరోను.

శంకరమ్మ తలెత్తి చూసింది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి గానీ పెదాల మీద నవ్వుంది.

"సగం నీది. మీ అవ్వ పక్కనే వెట్టిన, జూడు. గాడ ఒక్క దుప్పట్ల ఇద్దరు పండుకున్నరంటివి గద, గీడ పట్టరా? నీ టైమొచ్చినప్పుడు వచ్చి కప్పుకో." ఆగి మళ్లీ అంది, "జర గట్టిగ పట్టుకో అన్నా. గుంజుకుంటడు."

అహరోనుకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. "గుంజుకుంటడు, దొంగ నా కొడుకు" అన్నాడు.

మట్టి కప్పి బండ జరిపాక కాలేబు రాయి మీద అహరోను పేరు పైన బొగ్గుతో సంగప్ప పేరు రాశాడు, తర్వాత చెక్కుదామని. శంకరమ్మ ఇంటికి పోయాక గాజులు తీస్తానంది. అహరోను సున్నం కలిపితే ఆమె కుంచె తీసుకుని ఒక పక్క వేసింది, అతను ఇంకో పక్క వేశాడు. ఆ తర్వాత రిబ్కమ్మ సద్ది మూట విప్పింది. ఏ కులంవాళ్ల చేతి రొట్టె తింటున్నానని శంకరమ్మ చూసుకోలేదు, కడుపునిండా తిని ఇంకో రొట్టె అడిగి పెట్టించుకుంది.